జూమ్లా క్రొత్త సంచిక: ముందు నకలుపై పరీక్ష, పిమ్మట అసలుపై స్థాపన

(మన సంఘ సర్వసభ్య సమావేశమున కార్యవర్గ సభ్యులును, నూలు వ్యాపారులును అగు ఒకరు చేసిన ప్రసంగము. పలువురు సభ్యులు కోరినందున పూర్తిపాఠమును ప్రకటించుచున్నాము. – సం.)



నేను మెట్రిక్కుతో చదువు చాలించి దుకాణమున కూర్చున్నవాడను. నూలు తూచుట, లెక్క వ్రాయుట, బాకీలు వసూలు చేయుట నా వృత్తి. మన సంఘపు వెబ్‌సైటునకు క్రొత్త సాఫ్ట్‌వేరును ఎక్కించుట, దానిని పరీక్షించుట అను విషయమును గూర్చి మాట్లాడుమని అధ్యక్షులవారు ఆజ్ఞాపించినపుడు, “ఇంజినీరుచేత చెప్పింపరాదా?” అంటిని. వారు నవ్వి, “ఇంజినీరు చెప్పినచో ఇంజినీర్లకు అర్థమగును, నష్టపోయినవాడు చెప్పినచో అందరికిని అర్థమగును” అనిరి. ఆ మాట సత్యము. నష్టము సంఘమునది, తప్పు నాది. కావున ఈ ప్రసంగము సగము పాఠము, సగము క్షమాపణ.

మన తాతలు మగ్గములు పట్టుకొని ఈ ఊరు చేరినపుడు తెలుగును గుండెలలో పెట్టుకొని వచ్చిరి. నేడు మన పిల్లలలో పెక్కుమంది మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుచున్నారు. ఇంట తెలుగు మాటాడుదురు గాని, చదువుట కొందరికే వచ్చును. అట్టి పిల్లవాడు ఫోనులో మన సంఘపు పుట తెరచి, తన తాత పేరు తెలుగు అక్షరములలో చూచి, కూడబలుకుకొని చదువుట నేను కన్నులార చూచితిని. ఆ పుట మనకు బడి, ఆ పుట మనకు గ్రంథాలయము. దానిని నడుపు యంత్రాంగమును గూర్చి మనకు తెలియకపోవుట తగదు.

జూమ్లా అనగా నేమి?

మన వెబ్‌సైటు జూమ్లా అను సాఫ్ట్‌వేరుపై నడచుచున్నది. వ్యాసములను, బొమ్మలను, ప్రకటనలను ఒకచోట చేర్చి, వరుసపెట్టి, పుటలుగా కూర్చి పాఠకునికి అందించునది ఈ సాఫ్ట్‌వేరు. ఇది ఓపెన్ సోర్సు జాతికి చెందినది. అనగా దీని వ్రాతమూలము అందరికి తెరచియున్నది. ఎవ్వరైనను చదువవచ్చును, మార్చవచ్చును, తిరిగి పంచిపెట్టవచ్చును. కొనుట లేదు, అద్దె లేదు.

దీని కథ చిత్రమైనది. దీనికి ముందు మాంబో అను పేర ఒక సాఫ్ట్‌వేరు ఉండెను. దాని యాజమాన్యమును గూర్చి తగవు వచ్చి, 2005 ఆగస్టులో దానిని వ్రాయుచున్న ముఖ్యులు బయటకు వచ్చి వేరు కాపురము పెట్టిరి. వ్రాతమూలము స్వేచ్ఛా లైసెన్సు క్రింద ఉన్నందున దానిని తమవెంట తెచ్చుకొను హక్కు వారికుండెను. ఆ సెప్టెంబరులోనే జూమ్లా మొదటి సంచిక వెలువడినది. పేరు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషనుండి తీసికొనిరి. “జుమ్లా” అనగా అందరు కలిసి, మొత్తముగా అని అర్థము. స్వాహిలీకి ఆ మాట అరబ్బీ నుండి వచ్చినది. వ్యాపారస్థులారా, మన పాత లెక్కల పుస్తకములలో పద్దుల క్రింద గీత గీసి, మొత్తమునకు “జుమలా” అని వ్రాసెడివారు గదా! అదియును ఆ అరబ్బీ మాటయే. సముద్రములు దాటి ఒకే మాట ఒకచోట మన చిట్టాకును, ఒకచోట మన వెబ్‌సైటునకును వచ్చి చేరినది.

క్రొత్త సంచికలు ఏల?

“బాగుగ నడచుచున్నదానిని ఏల కదల్చవలె?” అని మనవారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఒక ఉదాహరణము చెప్పెదను. 2023 ఫిబ్రవరి 16న జూమ్లా 4.2.8 అను చిన్న సంచిక వెలువడినది. 4.0.0 మొదలు 4.2.7 వరకు గల సంచికలలో ఒక లోపము బయటపడినది. ప్రవేశాధికారము లేని పరాయివాడు సైతము దూరము నుండి ఒక చిరునామా పంపి, డేటాబేసు పాస్‌వర్డు మొదలగు రహస్యపు అమరికలను చదువగలిగెడివాడు. పెట్టె తాళము భద్రమే గాని, తాళపుచెవి గుమ్మమునకు వ్రేలాడుచున్నట్లు. లోపము లోకమునకు తెలిసిన దినముననే దొంగలకును తెలియును. దిద్దిన సంచికను ఎక్కింపనివాడు ఆ తాళపుచెవిని అట్లే వదలినవాడగును.

మరియు ప్రతి సంచికకు ఆయుర్దాయము కలదు. మూడవ తరము జూమ్లాకు 2023 ఆగస్టు 17తో పోషణ ముగిసినది. నాలుగవ దానికి 2025 అక్టోబరులో ముగిసినది. ఆ నెలలోనే ఆరవ తరము వెలువడినది. రెండేండ్లకొకసారి పెద్ద సంచిక, ఆరునెలలకొకసారి నడిమి సంచిక, అవసరమునుబట్టి చిన్న సంచికలు, ఇది వారి క్రమము. సంచిక సంఖ్యలో మూడంకెలుండును. మూడవ అంకె మాత్రము మారినచో అది దిద్దుబాటు. దానిని నకలు తీసికొని ఆ వారముననే ఎక్కింపవలెను. రెండవ అంకె మారినచో క్రొత్త వసతులు వచ్చినవని తెలియవలెను. మొదటి అంకె మారినచో ఇల్లు మారినట్లే. అప్పుడు తొందర పనికిరాదు. నేను చేసిన తప్పు అదియే.

నా తప్పు

2021 ఆగస్టు 17న జూమ్లా 4.0 వెలువడినది. ఆనాడే 3.10 కూడ వెలువడినది. 3.10 అనునది పాత ఇంటి నుండి క్రొత్త ఇంటికి వేసిన మెట్టువంటిది. అందులో “ముందస్తు తనిఖీ” అను క్రొత్త ఏర్పాటు కలదు. పెద్ద సంచికకు మారకముందు, సర్వరులోని పీహెచ్‌పీ ఏ సంచికది, డేటాబేసు ఏ సంచికది, మనము చేర్చుకొన్న అనుబంధములలో ఏవి క్రొత్త సంచికతో పొసగును, ఏవి పొసగవు అని అది జాబితా వేసి చూపును.

ఆ సెప్టెంబరులో ఒక రాత్రి దుకాణము మూసిన పిమ్మట నేను మన వెబ్‌సైటు తెరచితిని. అప్పటికి మనము మూడవ తరమున ఉంటిమి. క్రొత్తది వచ్చినదని విని ఉబలాటపడితిని. ముందస్తు తనిఖీలో మన పుటల టెంప్లేటుకును, బొమ్మల అనుబంధమునకును ఎదురుగా హెచ్చరికలు కనబడినవి. చదివితిని, లక్ష్యపెట్టకపోతిని. “జూమ్లా నెక్స్ట్” అను మార్గమును ఎంచి, అసలు వెబ్‌సైటుమీదనే మీట నొక్కితిని. అయిదు నిమిషములలో పుట తెల్లబోయినది. ఒక్క అక్షరము లేదు.

ఇంతవరకు జరిగినది చిన్న తప్పు. పెద్ద తప్పు అటుపైన జరిగినది. తెల్లని పుట చూచి సర్వము పోయినదని భయపడితిని. పై వారమున నేనే తీసియుంచిన డేటాబేసు నకలు ఒకటి నా యొద్ద ఉండెను. ఆ రాత్రియే దానిని తెచ్చి, ఉన్న డేటాబేసుమీద పోసితిని. పాత జూమ్లాను తిరిగి పెట్టితిని. పుట తెరచుకొన్నది. బొమ్మలు వచ్చినవి, తేదీలు వచ్చినవి, అంకెలు వచ్చినవి. తెలుగు అక్షరమున్న ప్రతిచోట ప్రశ్నార్థకము నిలిచినది. వరుసలకు వరుసలు ప్రశ్నార్థకములే.

జరిగినదేమో తరువాత మన కుర్రవాడొకడు విడమరచి చెప్పినాడు. కంప్యూటరులో ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య ఉండును. యూనికోడు అను ప్రపంచ ఏర్పాటులో 1991లో వెలువడిన మొదటి సంచికనుండియు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడి యున్నవి. ఒక్కొక్క తెలుగు గుర్తును భద్రపరచుటకు యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు కావలెను. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్కటి చాలును. నేను నకలు తీసిన పనిముట్టులో భాష అమరిక పాతకాలపు లాటిను అమరిక. దాని పట్టికలో తెలుగునకు చోటు లేదు. చోటులేని ప్రతి అక్షరమునకు బదులుగా అది ఒక ప్రశ్నార్థకమును వ్రాసి, అసలు అక్షరమును పారవేసినది.

ఇచట ఒక భేదము అందరును జ్ఞాపకముంచుకొనవలెను. తెలుగునకు బదులుగా విచిత్రమైన లాటిను అక్షరములు గుంపులుగా కనబడినచో భయపడకుడు. అసలు బైట్లు లోపల ఉన్నవి, చదువు పద్ధతి మాత్రము తప్పినది. నేర్పరి తిరిగి రాబట్టగలడు. ప్రశ్నార్థకములు నిలిచినచో మాత్రము అక్షరము పోయినట్లే. దానిని బ్రహ్మదేవుడును తిరిగి తేలేడు.

మరియొక చేదు నిజము. ఆ రాత్రి పుట తెల్లబోయినది టెంప్లేటు పొసగకపోవుటచేతనే. డేటాబేసులో మన అక్షరములన్నియు క్షేమముగా ఉండెను. నేను తొందరపడి పైన పోసిన నకలే వానిని చెరపినది. వాకిలి తెరచుకొననందున ఇల్లు కాలినదనుకొని, నేనే నీళ్లు పోసి బియ్యము పాడుచేసితిని.

పోయినవేవో మీకు తెలియును. సంఘ వార్తల ప్రతులు అచ్చులో ఉన్నవి గనుక తిరిగి టైపు చేయించితిమి. సమావేశపు తీర్మానములు మినిట్సు పుస్తకమున ఉన్నవి. కాని మన యువకులు ఇంటింటికి పోయి పెద్దలచేత చెప్పించి, వెబ్‌సైటులోనే నేరుగా టైపుచేసిన “పెద్దల జ్ఞాపకములు” అను శీర్షికలో నలుబదియొక్క వ్యాసములుండెను. టైపుచేసిన వారి ఫోనులలో వెదకి, ఉత్తరములలో వెదకి ముప్పది సంపాదించితిమి. పదకొండు పోయినవి. అందొకటి, చేనేత మగ్గమునుండి మరమగ్గమునకు మారిన దినములను తన మాటలలో చెప్పిన ఒక తాతగారిది. ఆయన అంతకు ముందటి సంవత్సరమే కాలము చేసిరి. వారి మనుమరాలు నా దుకాణమునకు వచ్చి, “చిన్నాయనా, తాత మాటలు కాగితముమీద ఎక్కడైన ఉన్నవా?” అని అడిగినది. లేవు అని చెప్పుటకు నా నోరు రాలేదు. ఈ సభలో ఆ అమ్మాయి కూర్చున్నది. నేటికిని నేను ఆమె కన్నులలోకి చూడలేను.

నకలుపై స్థాపన

నూలు వ్యాపారికి ఈ తప్పు క్షమింపరానిది. క్రొత్త మిల్లు నూలు వచ్చినచో మనమేమి చేయుదుము? కట్టలన్నియు ఒకేసారి పడుగు పోయము. ఒక కండె తీసి, నంబరు చూచి, పురి చూచి, బలము చూచి, రంగులో ముంచి చూతుము. ఒక మగ్గమున నేసి, ఆ గుడ్డను ఉదికి చూచిన పిమ్మటనే తక్కినది మగ్గములకు పంపుదుము. ఆ బుద్ధి కంప్యూటరు ముందట కూర్చున్నపుడు నాకు లేకపోయినది.

అటుపైన మేమొక పద్ధతి ఏర్పరచుకొంటిమి. దానిని క్రమముగా చెప్పెదను.

మొదటిది, పరీక్షకై వేరొక చోటు. సొంత కంప్యూటరులోనే ఎక్జాంప్ అను ఉచిత సాఫ్ట్‌వేరును పెట్టుకొన్నచో, అపాచీ సర్వరు, మరియాడీబీ డేటాబేసు, పీహెచ్‌పీ మూడును ఒకేసారి వచ్చును. ఇంటర్నెట్టు లేకున్నను వెబ్‌సైటు ఆ కంప్యూటరులో నడచును. అందులో ఎంత పగిలినను బయటివానికి తెలియదు.

రెండవది, ముందు కోరా జూమ్లాను స్థాపించి చూచుట. అధికారిక చోటునుండి మాత్రమే పొట్లమును దింపుకొని, విప్పి, సర్వరు సంచిలో పెట్టవలెను. ఒక ఖాళీ డేటాబేసును సృష్టింపవలెను. సృష్టించునపుడే దాని అక్షరపద్ధతి యూటీఎఫ్-8 ఎంబీ4 అని ఎంచవలెను. నా కథ విన్నవారికి దీని అగత్యము వేరే చెప్పనక్కరలేదు. పిమ్మట బ్రౌజరు తెరచినచో స్థాపన మొదలగును. ముందు సైటు పేరు, పిదప ప్రధానాధికారి పేరు, పాస్‌వర్డు అడుగును. పాస్‌వర్డు పన్నెండక్షరములకు తక్కువ గాకుండ ఉండవలెను. ఆ పిమ్మట డేటాబేసు వివరములడుగును. పని ముగిసిన పిదప “ఇన్‌స్టలేషను” అను సంచి మిగిలియుండరాదు. మిగిలినచో దారిన పోవువాడు తిరిగి స్థాపన మొదలుపెట్టి ఇంటిని తనదిగా చేసికొనవచ్చును.

కోరా జూమ్లా బాగుగ నడచినచో మన సర్వరు, డేటాబేసు, పీహెచ్‌పీ సరియైనవని తేలినది. ఇక ఏ దోషము వచ్చినను అది మన టెంప్లేటుదో, అనుబంధములదో అని నిర్ణయింపవచ్చును. లెక్కలో తేడా వచ్చినపుడు ముందు నగదు పెట్టెను సరిచూచి, పిదప చిట్టాను వెదకినట్లు.

మూడవది, మన అసలు సైటు నకలును అచటకు తెచ్చుట. దీనికి మేము అకీబా బ్యాకప్ అను అనుబంధమును వాడుచున్నాము. అది ఫైళ్లను, డేటాబేసును ఒకే మూటగా కట్టును. ఆ మూటను వేరొకచోట విప్పి, పుటలు తెరచి, తెలుగు సరిగా ఉన్నదని చదివి చూచిన పిమ్మటనే దానిని నకలు అని మేము పిలుచుచున్నాము. విప్పి చూడని మూట మూట కాదు. ఇది నేను పదకొండు వ్యాసముల వెల పెట్టి కొన్న పాఠము.

నాలుగవది, నకలు సైటులో ఉత్తరములు పంపు అమరికను ఆపివేయుట. దీనిని మరచి ఒకనాడు “పరీక్ష పరీక్ష” అను ఉత్తరమును సభ్యులందరికి పంపితిమి. ఏ పరీక్ష, ఎవరి పిల్లవానికి, ఫీజు ఎంత అని రెండు దినములు ఫోనులు వచ్చినవి. (నవ్వులు)

అయిదవది, మెట్లు దాటింపకుండుట. 3.10 నుండి 4.4కు, అచటనుండి 5కు, 5.4 నుండి 6కు పోవలెను గాని, మూడునుండి ఆరుకు గెంతరాదు. ప్రతి మెట్టుమీదను ముందస్తు తనిఖీ చూచి, పొసగని అనుబంధమును తీసివేయవలెను, లేదా క్రొత్తది తేవలెను. సర్వరును గూర్చి ముందే విచారింపవలెను. అయిదవ తరమునకు కనీసము పీహెచ్‌పీ 8.1 కావలెను, ఆరవ దానికి 8.3 కావలెను. సర్వరు అద్దెకిచ్చినవారిని ముందే అడిగి మార్పించుకొనవలెను.

ఏమేమి పరీక్షింపవలెను?

స్థాపించుట సగము పని. పరీక్షించుట తక్కిన సగము. ఇంగ్లీషువారి పరీక్షలు మనకు చాలవు. మనము చూడవలసినవి వేరే కలవు.

అక్షర పరీక్ష మొదటిది. ఒక పుటలో శకటరేఫము, అరసున్న, “స్త్రీ”, “లక్ష్మి”, “జ్యోత్స్న”, “రాష్ట్రము” మొదలగు కఠిన సంయుక్తములు గల మాటలను వ్రాసి భద్రపరచవలెను. మూసి మరల తెరచి, ఒక మాట మార్చి, తిరిగి భద్రపరచి చూడవలెను. ఒకసారి సరిగా ఉండి రెండవసారి చెడునవియు ఉండును.

రెండవది కంటిపరీక్ష. మన లిపికి క్రింద వత్తులు, పైన తలకట్లు, గుడులు. లాటిను లిపికి కొలిచిన వరుస ఎత్తు మనకు చాలదు. క్రొత్త టెంప్లేటులో శీర్షికల క్రింద వత్తులు తెగిపోవుట నేను పలుమార్లు చూచితిని. “రాష్ట్రము”నకు క్రింది వత్తులు పోయినచో అది “రాషము” అగును. అది కంప్యూటరునకు దోషముగా కనబడదు. తెలుగు చదువువానికే కనబడును. పాత ఫోనులో, క్రొత్త ఫోనులో, పెద్ద తెరమీద, అచ్చు తీసిన కాగితముమీద నాలుగు విధముల చూడవలెను.

మూడవది చిరునామా పరీక్ష. వ్యాసపు శీర్షికనుండి జూమ్లా ఒక చిరునామాను తయారుచేయును. “యూనికోడ్ అలియాసెస్” అను అమరికను తెరువనిచో, తెలుగు శీర్షికనుండి అక్షరమేదియు నిలువక, సంవత్సరము, నెల, తేదీ, గంట, నిమిషము అను అంకెల వరుసను చిరునామాగా పెట్టును. మన పాత వ్యాసములు కొన్ని అట్లే అంకెల పేరులతో ఉన్నవి. బిడ్డకు పేరు పెట్టక పుట్టిన వేళను పేరుగా పెట్టినట్లు! ఆ అమరికను తెరచి చూడవలెను, మరియు మార్పు తరువాత పాత లంకెలు పనిచేయుచున్నవా అనియు చూడవలెను.

నాలుగవది వెదకుట. “షోలాపూర్‌లో” అను మాటలో పొల్లును విడిగా నిలుపుటకు కంటికి కనబడని ఒక గుర్తు ఉండును. ఒకరు దానిని పెట్టి వ్రాయుదురు, మరియొకరు పెట్టరు. మనకు రెండును ఇంచుమించు ఒకటే, కంప్యూటరునకు రెండును వేరు. కావున రెండు విధముల వెదకి చూడవలెను.

అయిదవది హక్కుల పరీక్ష. జూమ్లాలో వ్రాయువాడు, దిద్దువాడు, ప్రకటించువాడు, నిర్వాహకుడు అని అంతస్తులు కలవు. ప్రధానాధికారి పేరుతోనే లోపలికి పోయి అంతయు బాగున్నదనుకొనరాదు. యజమానికి ఏ తలుపైనను తెరచుకొనును గదా! సామాన్య సభ్యుని పేరుతో ప్రవేశించి, అతడు చూడరానివి కనబడుచున్నవా, వ్రాయవలసినచోట వ్రాయగలుగుచున్నాడా అని చూడవలెను. సభ్యుల ఫోను సంఖ్యలు, వివాహ వివరములు మనయొద్ద ఉన్నవి. అవి బయటపడినచో మన ఆడపిల్లలకు కలుగు చిక్కు ఏమో మీకు చెప్పనక్కరలేదు.

ఈ క్రమముననే 2023 చివరను 4.4కును, అటుపిమ్మట 5కును మారితిమి. నకలుమీద మూడు వారములు పరీక్షించి, అసలుమీద ఒక ఆదివారము ఉదయమున గంటలో ముగించితిమి. మారినట్లు సభ్యులలో ఒక్కరును గమనింపలేదు. గమనింపకపోవుటే మాకు బహుమానము.

తప్పు కనబడినచో ఎవరికి చెప్పవలెను?

ఇది నేను మీ మనస్సున నాటదలచిన మాట. జూమ్లాను వ్రాయువారు లోకమంతట ఉన్న స్వచ్ఛంద సేవకులు. పెద్ద సంచిక వెలువడుటకు ముందు ఆల్ఫా, బీటా, విడుదల అభ్యర్థి అను పేర్లతో పరీక్ష సంచికలను వెలువరించి, “చూడుడు, తప్పులు చెప్పుడు” అని లోకమును పిలుతురు. వాటిని నిజమైన సైటుమీద పెట్టరాదు, నకలుమీదనే పెట్టవలెను.

తప్పును తెలుపు పద్ధతి మన బేరగాని ఫిర్యాదువలె ఉండరాదు. “నూలు బాగులేదు” అన్నచో మిల్లువాడు ఏమి చేయగలడు? ఏ కట్ట, ఏ నంబరు, ఎన్నవ గజమున తెగినది అని చెప్పవలెను. వారును నాలుగు సంగతులే అడుగుదురు. తప్పు రప్పించుటకు చేసిన పనుల వరుస, రావలసిన ఫలము, వచ్చిన ఫలము, కంప్యూటరు మరియు సర్వరు వివరములు. ఒకరు దిద్దుబాటు వ్రాసినచో, వ్రాసినవారు గాక మరి ఇద్దరు మనుష్యులు దానిని పరీక్షించి సరియే అని చెప్పవలెను. ఆ పిమ్మటనే అది చేర్చుటకు సిద్ధమని గుర్తు పెట్టుదురు. ఆ ఇద్దరు ప్రోగ్రాములు వ్రాయువారే కానక్కరలేదు. ప్యాచ్ టెస్టర్ అను అనుబంధముతో మెట్రిక్కు చదివినవాడును పరీక్షింపవచ్చును. నేను పరీక్షించితిని.

సోదరులారా, రాజ్యములలో మనము అల్పసంఖ్యాకులము. ఓట్లు లెక్కించుచోట మన సంఖ్య చిన్నది. ఇచట మాత్రము కావలసినది ఇద్దరే! ఇద్దరు తెలుగువారు కూర్చుండి చూచినచో వత్తు తెగిన సంగతి లోకమునకు తెలియును. ఎవ్వరును చూడనిచో, ఎవ్వరును చెప్పనిచో, దూరదేశమున కూర్చున్న ఆ స్వచ్ఛంద సేవకునికి మన వత్తులు తెగినవని ఎట్లు తెలియును? అతడు మనకు శత్రువు కాడు, మన లిపి ఎరుగనివాడు. మన అక్షరమునకు కాపలా మనమే.

ముగింపు

ఇప్పుడు ఆరవ తరము మన గుమ్మమున ఉన్నది. అయిదవ తరమునకు ఇంకను పోషణ ఉన్నందున తొందర లేదు. అట్లని నిద్రించుటకును వీలు లేదు. కావున మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది, ప్రతి నెల మొదటి ఆదివారమున వెబ్‌సైటు నకలును తీసి, వేరొక కంప్యూటరులో విప్పి, ఏదైన మూడు పుటలను బిగ్గరగా చదివి, చదివినవారు మినిట్సు పుస్తకమున సంతకము చేయవలెను. రెండవది, ఏ వ్యాసమైనను కాగితముమీద ఒక ప్రతి లేనిదే వెబ్‌సైటున చేర్పరాదు. మూడవది, పరీక్షకు ఆరుగురు కావలెను. ఇద్దరు కంప్యూటరు తెలిసిన యువకులు, ఇద్దరు తెలుగు బాగుగ చదువగల పెద్దలు, ఇద్దరు ఇప్పుడిప్పుడే తెలుగు కూడబలుకుకొను పిల్లలు. పిల్లలేల అందురేమో! వత్తు తెగిన మాటను మనము అలవాటున సరిగనే చదివివేయుదుము. అక్షరము అక్షరము పట్టి చదువువాడే తప్పును పట్టగలడు.

నిన్న సాయంకాలము ఆ తాతగారి మనుమరాలు కార్యాలయమునకు వచ్చి, ఆ ఆరుగురిలో తన పేరు మొదట వ్రాయుమన్నది. తాత చెప్పిన మాటలలో తనకు జ్ఞాపకమున్నంత కాగితముమీద వ్రాయుచున్నాననియు చెప్పినది. పోయినది పోయినది. మిగిలినదానిని కాపాడుటకు ఆమె పూనుకొన్నది గనుక, నేనును ఆమె వెనుక నిలుచుచున్నాను. మిగిలిన నాలుగు పేర్లు ఈ సభ ముగియులోపల వ్రాయింపుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.